ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్న పెద్దవారికి అదనపు పాలసీ: బెంగళూరు తెలుగు కుటుంబాలకు ఒక పోలిక

మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఒకే ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. అనంతపురం నుంచో కర్నూలు నుంచో వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది. దానితో ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉచితమని చెప్పారు. అయినా దాని పైన ప్రైవేటు పాలసీ తీసుకోవాలా, తీసుకుంటే ఏ రకం తీసుకోవాలి? ఏజెంటును అడిగితే సంభాషణ ఎన్ని లక్షల కవరు అన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. మా నాన్నగారికి 73, అమ్మకు 68. వారి కోసం రెండేళ్లు ఈ కాగితాలన్నీ తిరగేసిన తరువాత నాకు తేలింది ఏమిటంటే, లక్షల లెక్క రెండవది. మొదట తేల్చుకోవలసింది, అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే మీరు నిజంగా ఏ ఆసుపత్రికి పరుగెత్తుతారు, ఆ ఆసుపత్రి మీ ప్రభుత్వ కార్డును తీసుకుంటుందా అన్నది. దీనికి జవాబు దొరికితే పాలసీ రకం దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

చేతిలో ఉన్న కార్డు ఏమిస్తుంది

ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరులో మొదలైంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన వారికి, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. వయసుకు ఆధార్ కార్డే రుజువు. ఏడాదికి 5 లక్షలు అన్నది మనిషికి కాదు, కుటుంబానికి. భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే అదే మొత్తాన్ని పంచుకోవాలి. భర్తకు 73, భార్యకు 68 అయితే కార్డు భర్తకు మాత్రమే వస్తుంది. మా ఇంట్లో పరిస్థితి ఇదే, చాలామంది గమనించనిదీ ఇదే.

ఈ కార్డులో గొప్ప విషయం ఒకటుంది. షుగరు, బీపీ, పాత గుండె జబ్బు ఏదున్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, నిరీక్షణ కాలం లేదు. ప్రైవేటు కంపెనీ ఏదీ 75 ఏళ్ల మనిషికి ఇంత సులభంగా ఈ మాట ఇవ్వదు. దీని హద్దులు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. పథకంలో చేరిన ఆసుపత్రిలోనే చెల్లుతుంది. చికిత్సకు ప్రభుత్వం ముందే కట్టిన ప్యాకేజీ ధర ఉంటుంది, ఆ ధర సాధారణ వార్డును ఉద్దేశించినది. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు మాత్రమే అందులో కలుస్తుంది. డాక్టరు ఫీజు, నెలవారీ మందులు, పళ్ల వైద్యం వంటి ఓపీ ఖర్చులు, అంటే ఆసుపత్రిలో చేరకుండా అయ్యేవి, దీని కిందికి రావు. కార్డు చేతికి రావడం ఒక మాట, మీ వీధి చివరి ఆసుపత్రి దానిని అంగీకరించడం మరో మాట. అందుకే 14555కు ఫోన్ చేసి, మీరు వెళ్లదలచుకున్న ఆసుపత్రి పేరూ, జబ్బు పేరూ చెప్పి అడగాలి. ఆసుపత్రి కొన్ని విభాగాలకే పథకంలో ఉండవచ్చు కనుక రెండూ చెప్పడం అవసరం.

అందరి చేతిలోనూ ఇదే కార్డు ఉండదు. కర్ణాటక ప్రభుత్వపు ఆరోగ్య కర్ణాటకలో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఉంటే, ఏపీఎల్ (దారిద్ర్యరేఖకు పైన ఉన్న) కుటుంబానికి ప్యాకేజీ ధరలో 30 శాతం మాత్రమే, అది కూడా 1.5 లక్షల పరిమితితో. పెద్ద చికిత్సలకు, అత్యవసర పరిస్థితులలో తప్ప, ప్రభుత్వ ఆసుపత్రి నుంచి సిఫారసు పత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డు నిలుపుకున్న వారికి ఆరోగ్యశ్రీ, నేటి పేరుతో ఎన్టీఆర్ వైద్య సేవ, ఉంటుంది. 2019 నవంబరులో దానిని ఎంపిక చేసిన సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రులకు విస్తరించారు. ఊళ్లో కార్డు ఉంది కదా అని ఇక్కడ ఏ ఆసుపత్రికైనా వెళ్లవచ్చని అనుకోకూడదు, జాబితా చూసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ఉంటాయి. వీరు వయ వందన కావాలంటే రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. మందులు కూడా ఇచ్చే సీజీహెచ్ఎస్‌ను వదులుకొని ఇటు రావడం, నా అభిప్రాయంలో, తప్పు బేరం. పీణ్యలోనో బొమ్మసంద్రలోనో కార్ఖానాలో పని చేసి రిటైరైన వారికి మరో మాట: ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐలో కనీసం అయిదేళ్లు ఉండి వయసు మీద రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్ఐ వైద్యం పొందవచ్చు. ఈ సంగతి తెలియక వదులుకున్న వారిని నేను చూశాను.

ఏ కొలతలతో పోల్చాలి

పాలసీలు పోల్చేటప్పుడు నేను పట్టుకున్న కొలతలు ఇవి: మీ ఆసుపత్రి ఆ పాలసీ నెట్‌వర్కులో (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో) ఉందా, ముందునుంచి ఉన్న జబ్బులకు ఎంతకాలం ఆగాలి, బిల్లులో మీ వాటా ఎంత, గది అద్దెకు హద్దు ఉందా, ఈ ప్రీమియంను పదేళ్ల తరువాత కూడా కట్టగలరా.

గది అద్దె దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మేము దెబ్బ తిన్నది అక్కడే. నాన్నగారి పాత పాలసీ 5 లక్షలది. గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే 5,000 వరకే. పిత్తాశయం ఆపరేషన్‌కు చేరినప్పుడు 8,000 గది తీసుకున్నాము. అయిదు రోజులకు తేడా 15,000, అది మనం పెట్టుకుందామనుకున్నాము. కానీ గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చు, నర్సింగ్ ఖర్చు కూడా పెరుగుతాయి కనుక, వాటిని కూడా కంపెనీ ఎనిమిదింట అయిదు వంతుల లెక్కనే చెల్లిస్తుంది. ఆ పద్దుల కింద బిల్లు 1,60,000 ఉంటే లక్ష మాత్రమే వచ్చింది. మొత్తం మీద 75,000 చేతి నుంచి పోయింది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. ఇది మోసం కాదు, షరతులలో రాసి ఉన్నదే, మేము చదవలేదు. బెంగళూరు పెద్ద ఆసుపత్రులలో ఒంటరి గది అద్దె 5,000 దాటడం మామూలు కనుక, గది అద్దెకు హద్దు లేని పాలసీ కోసం కొంత ఎక్కువ ప్రీమియం కట్టినా ఫరవాలేదు.

ఇటీవలి నిబంధనలు పెద్దవారికి కొంత అనుకూలంగా మారాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి, 65 దాటిన వారికి కొత్త పాలసీ ఇవ్వబోమనే వయసు అడ్డంకిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తొలగించింది, పాత జబ్బుల నిరీక్షణ కాలం గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. 2025 జనవరి చివరి నుంచి సీనియర్ల ప్రీమియంను ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఆ సంస్థను సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. అయితే వయసు అడ్డంకి పోయినంత మాత్రాన కంపెనీ మీకు పాలసీ ఇచ్చి తీరాలని కాదు. వైద్య పరీక్షల తరువాత నిరాకరించవచ్చు, ప్రీమియం పెంచవచ్చు.

సూపర్ టాప్ అప్

ఏజెంట్లు ఎక్కువగా చెప్పేది ఇదే. ఏడాది ఖర్చు ఒక మొత్తం దాటాక, పైదానికే చెల్లించే పాలసీ ఇది. ఆ మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. ప్రీమియం తక్కువ, కవరు పెద్దది. 5 లక్షల డిడక్టిబుల్‌తో 10 లక్షల సూపర్ టాప్ అప్ తీసుకున్నారనుకుందాము. జూన్‌లో 4 లక్షల బిల్లు, డిసెంబరులో 3 లక్షల బిల్లు అయితే ఏడాది మొత్తం 7 లక్షలు కనుక 5 దాటిన 2 లక్షలు కంపెనీ ఇస్తుంది. మామూలు టాప్ అప్ ఒక్కో చేరికను విడిగా చూస్తుంది, రెండు బిల్లులూ 5 లోపే కనుక ఒక్క రూపాయి రాదు. పెద్దవారు ఏడాదిలో ఒకటికి రెండుసార్లు చేరడం సహజం కాబట్టి, మామూలు టాప్ అప్ గురించి ఆలోచించనక్కరలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మొదటి 5 లక్షలు ప్రభుత్వ కార్డు చూసుకుంటుంది, పైది టాప్ అప్ చూసుకుంటుంది అన్న లెక్క వినడానికి బాగుంటుంది కానీ నడవడం కష్టం. పథకం కింద చేరితే ప్యాకేజీ ధరలు తక్కువ, ఆసుపత్రి రోగి నుంచి అదనంగా వసూలు చేయకూడదు. ఆ బిల్లు 5 లక్షలు దాటి టాప్ అప్ దాకా రావడం చాలా అరుదు. పథకంలో లేని ఆసుపత్రిలో చేరితే టాప్ అప్ పని చేస్తుంది, కాని మొదటి 5 లక్షలు కార్డు ఇవ్వదు, మీరే కట్టాలి. అంటే ప్రభుత్వ కార్డు, సూపర్ టాప్ అప్ ఒకదాని మీద ఒకటి పేర్చిన మెట్లు కావు. అవి రెండు వేర్వేరు తలుపులు. 5 లక్షలు బ్యాంకులో సిద్ధంగా ఉన్నవారికి, లేదా పిల్లల కంపెనీ పాలసీ కింద మొదటి 5 లక్షలు వచ్చే వారికి సూపర్ టాప్ అప్ చక్కగా సరిపోతుంది. అవి రెండూ లేని వారికి అది భరోసాలా కనిపించే కాగితం. సీజీహెచ్ఎస్ పెన్షనర్లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ముందు బీమా కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసి, మిగిలిన దానికి సీజీహెచ్ఎస్ రేట్ల మేరకు అక్కడ అడగవచ్చు, రెండూ కలిపి అసలు ఖర్చు దాటకూడదు.

సీనియర్ సిటిజన్ల పూర్తి పాలసీ

మొదటి రూపాయి నుంచే చెల్లించే పాలసీ ఇది, ప్రీమియం ఎక్కువ. 60 దాటిన వారికంటూ అమ్మే పాలసీలలో చాలావాటికి కో పే ఉంటుంది, అంటే ప్రతి బిల్లులో 20 శాతమో 30 శాతమో మీరే కట్టాలి. 6 లక్షల బిల్లుకు 30 శాతం అంటే 1,80,000. అందుకే ప్రీమియం పక్కన కో పే కూడా రాసుకొని పోల్చాలి. కంటి శుక్లం, మోకీలు మార్పిడి వంటి వాటికి విడిగా ఉపపరిమితులు, అంటే ఆ చికిత్సకు ఇంతే ఇస్తామనే హద్దులు, ఉంటాయి, మన పెద్దవారికి ఎక్కువగా వచ్చేవి అవే. ఈ చికిత్సలకు మొదటి రెండేళ్లు ఆగాలనే షరతు కూడా మామూలే.

కంపెనీల మధ్య పోలిక అయోమయంగా ఉంటే ఆరోగ్య సంజీవనిని కొలబద్దగా పెట్టుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్ముతున్న పాలసీ అది. కో పే 5 శాతమే. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000. శుక్లం ఆపరేషన్‌కు కంటికి గరిష్ఠంగా 40,000. గది దగ్గర బెంగళూరుకు ఇది చాలదు కానీ, ఇద్దరు ముగ్గురు ఉండే గదితో సరిపెట్టుకునే వారికి నిజాయితీ గల పాలసీ.

పిల్లల కంపెనీ గ్రూపు పాలసీ

బెంగళూరు తెలుగు కుటుంబాలలో చాలామంది పెద్దల అసలు భరోసా ఇదే. పాత జబ్బులకు చాలా గ్రూపు పాలసీలలో మొదటి రోజు నుంచే కవరు ఉంటుంది, వైద్య పరీక్షలు అడగరు. ఉద్యోగం ఉన్నంత వరకు దీనికి సాటి లేదు. ఉద్యోగం పోయిన రోజున ఇది కూడా పోతుంది. నలభై అయిదేళ్ల కొడుకు ఉద్యోగం ఊగిసలాడే కాలమూ, డెబ్బై ఏళ్ల తండ్రికి ఆసుపత్రి అవసరమయ్యే కాలమూ ఒకటే కావడం ఇప్పుడు అసాధారణం కాదు. కనుక గ్రూపు పాలసీ ఉండగానే తల్లిదండ్రుల పేరున చిన్నదైనా ఒక సొంత పాలసీ మొదలుపెట్టాలి. దాని నిరీక్షణ కాలం గ్రూపు పాలసీ నీడలోనే గడిచిపోతుంది. ఉద్యోగం మానేటప్పుడు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి హెచ్ఆర్ విభాగాన్ని చివరి పనిదినానికి ముందే అడగాలి, తరువాత కాదు.

పాలసీ లేకుండా సొంత నిధి

డయాలసిస్‌లో ఉన్న 78 ఏళ్ల మనిషికి ఏ కంపెనీ అయినా పాలసీ ఇచ్చినా, ఆ ప్రీమియమూ మూడేళ్ల నిరీక్షణా చూస్తే అది గిట్టుబాటు కాదు. అటువంటప్పుడు ప్రీమియం సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ప్రభుత్వ కార్డు చెల్లే ఆసుపత్రిని ముందే ఎంచుకోవడం మంచిది. బెంగళూరులో ఈ దారి మిగతా ఊళ్ల కంటే సులభం. గుండెకు జయదేవ, క్యాన్సర్‌కు కిద్వాయి, నరాలకు, మెదడుకు నిమ్హాన్స్ ఉన్నాయి. వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి నడుస్తున్న శ్రీ సత్యసాయి ఆసుపత్రిలో గుండె, మెదడు చికిత్సలు పూర్తిగా ఉచితం. వీటిలో వరుసలు పొడవు, ఓపిక కావాలి. అయినా వైద్యం విషయంలో వీటిని తక్కువగా చూడడం అన్యాయం.

రోజుకు ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్, పెద్ద జబ్బు తేలితే ఒకేసారి సొమ్ము ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు ఈ వయసులో అసలు పాలసీకి బదులు కావు, వాటి మీద ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు.

| రకం | ఎవరికి నప్పుతుంది | పాత జబ్బులు | ప్రధానమైన లోటు |
|---|---|---|---|
| ప్రభుత్వ కార్డు ఒక్కటే | సాధారణ వార్డుకు, పథకం ఆసుపత్రికి సిద్ధపడినవారు | మొదటి రోజు నుంచి | ఆసుపత్రి ఎంపిక తక్కువ |
| సూపర్ టాప్ అప్ | మొదటి 5 లక్షలకు వేరే దారి ఉన్నవారు | గరిష్ఠంగా 36 నెలలు | డిడక్టిబుల్ చేతి నుంచి |
| సీనియర్ పూర్తి పాలసీ | 60 నుంచి 70 మధ్య, ప్రీమియం భరించగలవారు | గరిష్ఠంగా 36 నెలలు | కో పే, ఉపపరిమితులు |
| గ్రూపు పాలసీ | పిల్లలు ఉద్యోగంలో ఉన్నవారు | చాలావాటిలో మొదటి రోజు నుంచి | ఉద్యోగంతో పాటే పోతుంది |
| సొంత నిధి | పాలసీ దొరకనివారు | షరతు లేదు | పెద్ద జబ్బుకు చాలకపోవచ్చు |

ఎవరు ఏది

60 నుంచి 69 మధ్య వయసు, ఒక మోస్తరు ఆరోగ్యం ఉన్నవారికి నా సలహా సూటిగా ఒకటే: వయ వందన వస్తుందిలే అని ఆగవద్దు, ఇప్పుడే పూర్తి పాలసీ తీసుకోండి. 70 వచ్చేసరికో, ఆ తరువాత రెండు మూడేళ్లకో నిరీక్షణ కాలం ముగుస్తుంది, రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు వయ వందన పొందడానికి అడ్డేమీ లేదు. మా అమ్మకు మేము ఇదే చేశాము, అదీ నాన్నగారితో కలిపి ఫ్లోటర్ (ఇద్దరూ పంచుకునే ఒకే పాలసీ) కాకుండా విడిగా. ఫ్లోటర్‌లో ప్రీమియం పెద్ద వయసును బట్టి ఉంటుంది, ఒకరి పెద్ద జబ్బు ఇద్దరి కవరునూ తినేస్తుంది.

70 దాటి, షుగరు, బీపీ మాత్రమే ఉండి, కొంత పొదుపు ఉన్నవారికి 5 లక్షల డిపాజిట్, దాని పైన సూపర్ టాప్ అప్ సరైన జత. ప్రభుత్వ కార్డును మోకీలు, శుక్లం వంటి ముందే తేదీ పెట్టుకునే చికిత్సలకు వాడుకోవచ్చు, ఎందుకంటే ఆసుపత్రి వెతుక్కోవడానికి అప్పుడు సమయం ఉంటుంది. పొదుపు లేక, నెల పెన్షన్ మీదే బతికేవారు అప్పు చేసి ప్రీమియం కట్టకూడదు. మధ్యలో ఒక ఏడాది కట్టలేకపోతే అప్పటివరకు ఆగిన కాలమంతా వృథా అవుతుంది. వారు కార్డు చెల్లే రెండు ఆసుపత్రులకు ముందే ఓపీకి వెళ్లి ఫైలు తెరిపించుకోవడం, నెలవారీ మందులు జన ఔషధి దుకాణంలో కొనుక్కోవడం ఎక్కువ మేలు చేస్తాయి. ఆరు నెలలు ఊళ్లో, ఆరు నెలలు ఇక్కడ ఉండే తల్లిదండ్రులకు, రెండు చోట్లా నెట్‌వర్కు ఆసుపత్రి ఉన్న కంపెనీ మాత్రమే పనికి వస్తుంది. బెంగళూరులో వంద ఆసుపత్రులు చూపించి హిందూపురంలో ఒకటీ చూపించలేని కంపెనీ వారికి సగం పాలసీయే.

తీసుకునే ముందు, తీసుకున్నాక

“ప్రపోజల్ ఫారంలో షుగరు సంగతి రాయకండి, తరువాత చూసుకుందాం” అని ఎవరైనా అంటే వారి దగ్గర పాలసీ తీసుకోవద్దు. మోసం రుజువైతే తప్ప, అయిదేళ్లు నిరంతరంగా కట్టిన పాలసీలో పాత జబ్బు దాచారని క్లెయిమ్ తిరస్కరించకూడదన్న నియమం ఉంది. కానీ 74 ఏళ్ల మనిషికి ఆ అయిదేళ్లలోనే ఆసుపత్రి అవసరం పడుతుంది. పదేళ్ల క్రితం వేయించుకున్న స్టెంట్ అయినా, ఎప్పుడో మానేసిన థైరాయిడ్ మాత్ర అయినా రాయాలి. ఫారం ఏజెంటు నింపినా, పెద్దవారికి తెలుగులో చదివి వినిపించి, అప్పుడే సంతకం పెట్టించాలి. సంతకం వారిది, బాధ్యతా వారిదే.

ఇప్పటికే ఉన్న పాలసీ నచ్చకపోతే రద్దు చేసుకోకండి, పోర్టింగ్ చేయండి, అంటే దానినే వేరే కంపెనీకి మార్చుకోండి. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెడితే, అప్పటికే ఆగిన కాలం కొత్త కంపెనీలో కూడా లెక్కలోకి వస్తుంది. పిల్లలు పాత పన్ను విధానంలో ఉంటే, 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద ఏడాదికి 50,000 వరకు మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానంలో దొరకదు.

క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతిని కంపెనీ గంటలో, డిశ్చార్జి అనుమతిని మూడు గంటలలో ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆలస్యమైతే బిల్లింగ్ కౌంటరు దగ్గర ఈ మాట గుర్తు చేయడానికి మొహమాటపడవద్దు. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజులలో పరిష్కారం రాకపోతే బీమా వివాదాలు పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. బెంగళూరులో కార్యాలయం ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు.

పాలసీ పత్రం ఇంటికి వచ్చాక వెనక్కి ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆ నెలలో ఒక ఆదివారం కూర్చొని గది అద్దె, కో పే, నిరీక్షణ కాలం, ఉపపరిమితులు అన్న నాలుగు చోట్లనైనా చదవండి. ఏజెంటు నోటితో చెప్పినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటి కాకపోతే, గడువు లోపలే వెనక్కి పంపండి.